చందవోలు నుండి శ్రీశైలమునకు: మల్లికార్జున పండితారాధ్యుల జీవితము

ఆంధ్రదేశమున శివభక్తికి మూలస్తంభములై నిలిచిన మువ్వురు మహనీయులను పండితత్రయమని పెద్దలు వ్యవహరించిరి. బెజవాడకు చెందిన శ్రీపతి పండితులు, శివలెంక మంచన పండితులు, మల్లికార్జున పండితారాధ్యులు ఆ మువ్వురు. వీరిలో మల్లికార్జున పండితారాధ్యుల జీవితము మనకు కొంత విపులముగా తెలియుచున్నది. పాల్కురికి సోమనాథుడు వారి చరిత్రమును దీక్ష, పురాతన, వాద, మహిమ, పర్వత ప్రకరణములను ఐదు భాగములుగా ద్విపదలో రచించి మనకు ఒసగినాడు. అందు భక్తుని కన్నుతో చూచిన విషయములున్నవి, చరిత్రకారుడు ఆలోచింపవలసిన విషయములును ఉన్నవి. రెండింటిని చేర్చి చూచినప్పుడు, దేవుని గురించి మానవుని భావము ఎట్లు పెరుగునో, ఎక్కడ తడబడునో ఆ ఒక్క జీవితమునందే గోచరించును.

పండితారాధ్యులు 12వ శతాబ్దము వారు. బసవేశ్వరునికి సమకాలికులు. వారి జీవితమునందలి ప్రధాన ఘట్టము కృష్ణానది సముద్రమున కలియు చోట, వెలనాటి సీమయందు, చందవోలు నగరమున జరిగినది.

కృష్ణా తీరమున దేవుని భావన

పండితారాధ్యులు అడుగుపెట్టునాటికి కృష్ణా డెల్టా ఎన్నో మతములను చూచిన నేల. క్రీస్తుపూర్వమే భట్టిప్రోలునందు బుద్ధుని ధాతువులను రాతి పేటికలలో నిక్షేపించి స్తూపమును కట్టిరి. ఘంటసాలయందును, ధాన్యకటకమునందును మహాచైత్యములు వెలసినవి. సృష్టికర్తయగు ఈశ్వరుడొకడు కలడని బౌద్ధులు అంగీకరింపలేదు. దుఃఖమునకు కారణము తృష్ణ యనియు, ఆ తృష్ణ నశించుటయే నిర్వాణమనియు వారు బోధించిరి. మొదట బుద్ధుని రూపమును చెక్కక పాదముద్రలను, ధర్మచక్రమును, బోధివృక్షమును మాత్రమే పూజించిన ఆ శిల్పులే కొన్ని తరములకు బుద్ధుని నిండు విగ్రహమును మలచిరి. నిరీశ్వరమైన ధర్మమునందు సైతము సామాన్యుని హృదయము తన ఎదుట ఒక మూర్తిని కోరుకొనినది.

బెజవాడ కథయు ఇట్టిదే. 7వ శతాబ్దమున తూర్పు చాళుక్య కుబ్జవిష్ణువర్ధనుని రాణి అయ్యణ మహాదేవి బెజవాడయందలి నడుంబి వసతి అను జైనాలయమునకు ముషినికొండ గ్రామమును దానము చేసినది. 10వ శతాబ్దమున యుద్ధమల్లుడు అదే పట్టణమున కార్తికేయునికి ఆలయమును, మఠమును ఏర్పరచి తెలుగు పద్యములలో శాసనము వేయించినాడు. ఆ శతాబ్దమునందే రెండవ అమ్మరాజు కాలమున కాలాముఖ శైవాచార్యులు బెజవాడ ఆలయమున ప్రతిష్ఠ పొందియుండిరి. ఇంద్రకీలాద్రి పాదమున మల్లేశ్వరుడు వెలసియున్నాడు. ఒకే కొండ నీడన జినుడు, కుమారస్వామి, శివుడు ముగ్గురును వేర్వేరు కాలములలో ప్రజల మొక్కులందుకొనిరి.

ఈ పరంపరయందే శ్రీపతి పండితులు బెజవాడలో ప్రసిద్ధులైరి. శివభక్తుల మధ్య కులభేదము పాటింపనందున ఆ ఊరివారు వారిని వెలివేసిరనియు, అప్పుడు వారు నిప్పుకణికలను వస్త్రమున మూటగట్టి జమ్మిచెట్టు కొమ్మకు వ్రేలాడదీసి, ఊరిలో ఏ యింటను పొయ్యి రాజకుండ చేసిరనియు ఐతిహ్యము. వస్త్రము కాలలేదట. ఈ మహిమను మల్లేశ్వరాలయమునందలి శాసనము కూడ స్మరించుచున్నది. నిప్పు నిజముగా గుడ్డలో నిలిచెనా యను ప్రశ్న కంటె, ఆ కథను శిలపై చెక్కించిన ప్రజలు ఏమి చెప్పదలచిరన్నది ముఖ్యము. భక్తుని పంక్తినుండి త్రోసివేసిన ఊరికి అన్నము ఉడకదని వారు తెలుసుకొనిరి.

జననము, దీక్ష

మల్లికార్జునుడు గోదావరీ మండలమునందలి ద్రాక్షారామమున భీమన పండితునికి, గౌరాంబకు జన్మించిరి. పంచారామములలో ఒకటియగు ద్రాక్షారామమున భీమేశ్వరుని లింగము రెండు అంతస్తుల ఎత్తున నిలిచియుండును. క్రింది అంతస్తున నిలిచినవానికి దాని పాదము, పై అంతస్తున నిలిచినవానికి దాని శిరస్సు కనిపించును. ఒక్క చూపులో అది పూర్తిగా అందదు. ఆ బాలునికి దేవుడు మొదట ఈ రూపమున పరిచయమైనాడు. రాతి గోడల నడుమ, రాజుల దానశాసనముల మధ్య, అర్చకుల వేదఘోషలో నిలిచిన స్థావరలింగమది.

గౌతమీ తీరమునందలి కోటిపల్లి క్షేత్రమున ఆరాధ్యదేవుడను గురువును ఆశ్రయించి మల్లికార్జునుడు శివదీక్షను పొందిరి. వేదశాస్త్రములను, ఆగమములను అభ్యసించిరి. దీక్షతో లింగము ఆలయమునుండి భక్తుని దేహమునకు వచ్చినది. మెడయందు ధరించిన లింగము భక్తుడు నిద్రించునప్పుడును, నడచునప్పుడును, పనిచేయునప్పుడును అతనిని వీడదు. అట్టివాడు దేవుని చూచుటకు ఊరు దాటి పోనక్కరలేదు, ద్వారపాలకుని అనుమతియు అక్కరలేదు. ఆనాటి సమాజమున ఇది ఎంత గొప్ప మార్పో నేడు ఊహించుట కష్టము. ఆలయమునకు రాజు యజమాని కావచ్చును. భక్తుని అరచేతియందలి లింగమునకు అట్లు కాజాలడు.

చైతన్యమును గురించిన వాదము

పండితారాధ్యులు రచించిన శివతత్త్వసారము తెలుగు సాహిత్యమున విలక్షణమైన గ్రంథము. లభించిన భాగమున ఐదువందలకు కొంచెము తక్కువగా కంద పద్యములున్నవి. కొమర్రాజు లక్ష్మణరావు గారు పరిష్కరించి, విపులమైన పీఠికతో దీనిని 1922లో వెలుగులోనికి తెచ్చిరి. సంస్కృతమున పండితులకే పరిమితమైన తత్త్వవాదమును తెలుగు పద్యమున సామాన్యుని చెవికి అందించిన తొలి గ్రంథములలో ఇది ఒకటి. ఈ లోకమునకు కర్త కలడా, జీవుడెవడు, జీవునికిని దేవునికిని సంబంధమేమి యను ప్రశ్నలు దీనికి ప్రాణము.

ఆ కాలమున చైతన్యమునకు మూలమేమి యను విషయమున భారతదేశమున తీవ్రమైన చర్చ సాగుచుండెను. చార్వాకులు పృథివి, నీరు, తేజస్సు, వాయువు కలిసినప్పుడు చైతన్యము పుట్టుననిరి. సురకు వేయు వస్తువులలో విడివిడిగా మత్తు లేకున్నను, అవి కలిసి పులిసినప్పుడు మత్తు కలుగునట్లే, దేహమున తెలివి కలుగుననియు, దేహముతోనే అది నశించుననియు వారి వాదము. బౌద్ధులు దీనిని ఒప్పుకొనలేదు. చైతన్యము క్షణక్షణము పుట్టి నశించు విజ్ఞానముల ప్రవాహమే గాని, దాని వెనుక నిలుకడగల ఆత్మ లేదనిరి. నదిని ఒక్కటే అనుకొందుము గాని నిన్నటి నీరు నేడు లేదు కదా యని వారి తలంపు. అద్వైతులు చైతన్యమొక్కటే సత్యమనియు, జీవేశ్వర భేదము అవిద్యవలన తోచునదనియు చెప్పిరి.

శైవుల దృష్టి వేరు. పతి, పశువు, పాశము అని మూడు తత్త్వములు. పతి శివుడు. పశువు జీవుడు. పాశము జీవుని బంధించు మలము. జీవునియందు చైతన్యము సహజముగానే కలదు గాని, మసి పట్టిన అద్దమువలె అది కప్పబడియున్నది. దీక్ష, జ్ఞానము, భక్తి ఆ మసిని తుడుచును. కుండను చూచి కుమ్మరిని ఊహించినట్లు, క్రమముగల ఈ జగత్తును చూచి కర్తను ఊహింపవలెనన్నది కర్తృత్వవాదుల తర్కము. మిథిలయందు ఉదయనాచార్యుడు ఇట్టి తర్కముతోనే ఈశ్వరుని స్థాపించినాడు. అంతకుముందు 7వ శతాబ్దమున ధర్మకీర్తి, 11వ శతాబ్దమున విక్రమశిల విహారమునందలి రత్నకీర్తి ఈ తర్కమును ఖండించియుండిరి. తరతరములుగా సాగుచున్న ఈ వివాదమును పండితారాధ్యులు తెలుగు గడ్డపై తెలుగు పలుకులో చేపట్టిరి.

ఇది ఒక్క భారతదేశపు మాట కాదు. అదే శతాబ్దమున స్పెయిన్ దేశపు కార్డోబా నగరమున జన్మించిన ఇబ్న్ రుష్ద్ (1126–1198) తర్కమునకును దైవవాక్యమునకును విరోధము లేదని వాదించినాడు. అదే నగరమున పుట్టి ఈజిప్టున స్థిరపడిన మైమోనిడీస్ (1138–1204) దేవునికి దేహము లేదనియు, దేవుడు ఇట్టివాడని చెప్పుట కంటె ఇట్టివాడు కాడని చెప్పుటయే తగుననియు వ్రాసినాడు. వారిలో మొదటివాని గ్రంథములను కాల్పించి, అతనిని రాజు ఊరినుండి పంపివేసినాడు. రెండవవాని కుటుంబము మతహింసకు వెరచి స్వదేశమును విడిచినది. దేవుని గురించి యోచించువానికి రాజదండము ఎదురగుట చందవోలుకే పరిమితము కాదు.

చందవోలు సభ

చందవోలు నేడు బాపట్ల జిల్లాయందలి పల్లె. ప్రకాశం బ్యారేజి కాలువల నీటితో పండు పొలముల నడుమ ప్రశాంతముగా ఉండును. 12వ శతాబ్దమున అది వెలనాటి చోడుల రాజధాని. తూర్పు తీరమున చాల భాగము వారి ఆజ్ఞకు లోబడియుండెను. అచ్చటి లింగోద్భవస్వామి ఆలయము ఆనాటి వైభవమును నేటికిని తలపించుచున్నది. బ్రహ్మవిష్ణువులు తమలో ఎవరు గొప్పయని కలహించి, ఎదుట వెలసిన జ్యోతిస్తంభము మొదలును తుదియు కనుగొనజాలకపోయిరన్నది లింగోద్భవ కథ. తుది చూడలేదని విష్ణువు ఒప్పుకొనెను. చూచితినని బ్రహ్మ బొంకెను. దేవుని కొలిచితినని చెప్పుకొనుటయే దోషమన్న కథకు మూర్తియైన దేవుడు వెలసిన ఊరిలో దేవుని గురించిన మహావాదము జరిగినది.

వెలనాటి చోడుని సభలో బౌద్ధాచార్యునితో పండితారాధ్యులు వాదమునకు దిగిరి. కర్త లేనిదే కార్యము లేదని వీరును, నిత్యుడైన కర్త అనిత్యమైన జగత్తును ఎట్లు చేయునని వారును వాదించుట ఆ రెండు దర్శనములకు సహజము. వాదమున పండితారాధ్యులు గెలిచిరని సోమనాథుడు చెప్పినాడు. కథ ఇంతటితో ముగిసియున్న, అది ఒక పండితుని విజయగాథగా మాత్రమే మిగిలియుండెడిది.

ముగియలేదు. ఓడిన బౌద్ధాచార్యుడు శివనిందకు దిగెననియు, దానిని సహింపజాలక పండితారాధ్యుల శిష్యులు అతనిని వధించిరనియు చరిత్రము చెప్పుచున్నది. సభలో మాటతో మొదలైనది నెత్తుటితో ముగిసినది. రాజు ఆగ్రహించి, శిష్యుల నేరమునకు గురువును బాధ్యునిచేసి, పండితారాధ్యుల కన్నులు పెరికించినాడు. శివానుగ్రహమున వారికి దృష్టి మరల కలిగినదనియు, వారు చందవోలును శపించి వెడలిరనియు భక్తులు విశ్వసింతురు.

భక్తి గ్రంథముగా చదువువారు ఈ ఘట్టమున మహిమను చూతురు. శివనిందను సహింపరాదన్నది ఆనాటి వీరభక్తుల కఠిన నియమమని చెప్పుదురు. ఆ నియమము ఉండెననుట నిజమే. అయినను ఒక ప్రాణము పోయిన మాటను మహిమ వెనుక దాచుట తగదు. వాదమున ఓడినవాడు చంపబడినప్పుడు గెలిచిన వాదమునకు విలువ తగ్గును గాని పెరుగదు. సర్వప్రాణులయందును శివుడు కలడని నిరూపించినవారి శిష్యులకు, తమ ఎదుట నిలిచిన మనిషియందు శివుడు కనబడలేదు. శిష్యుల చేతికి కత్తి వచ్చినది. గురువు కన్నులకు చీకటి వచ్చినది.

చందవోలు వాదము జరిగిన కాలమునకు కొంచెము ఇటు అటుగా, కొద్ది దినముల నడక దూరమున, మరియొక దృశ్యము కనిపించును. 1182లో కోట కేతరాజు అమరావతియందు వేయించిన శాసనమున, అమరేశ్వరునితోపాటు అక్కడి బుద్ధదేవునికి కూడ గ్రామములను, అఖండదీపములను సమర్పించినట్లు ఉన్నది. శివునికి మ్రొక్కిన చేయియే బుద్ధుని ఎదుటి దీపమునకు నెయ్యి పోయించినది. 1344 నాటి సింహళదేశపు గడలదెణియ శాసనము ధర్మకీర్తి అను భిక్షువు ధాన్యకటకమున రెండంతస్తుల ప్రతిమాగృహమును బాగుచేయించెనని చెప్పుచున్నది. అనగా చందవోలున ఒక ఆచార్యుని చంపుటవలన బౌద్ధము అణగలేదు. కాలక్రమమున అది క్షీణించుటకు కారణములు వేరు. వాదమును కత్తితో ముగించినవారికి దక్కినది గురువు వేదన మాత్రమే.

షట్‌స్థల దృష్టితో

కల్యాణ శరణులు సాధకుని పురోగతిని ఆరు మెట్లుగా చెప్పిరి. భక్త, మహేశ, ప్రసాది, ప్రాణలింగి, శరణ, ఐక్య స్థలములు అవి. చెన్నబసవేశ్వరుడు దీనికి శాస్త్రరూపము ఇచ్చినాడు. భక్తస్థలమున శ్రద్ధ ప్రధానము. మహేశస్థలమున నిష్ఠ ప్రధానము. ప్రసాదిస్థలమున అవధానము, ప్రాణలింగి స్థలమున అనుభవము, శరణస్థలమున ఆనందము, ఐక్యస్థలమున సమరసము ప్రధానములు. మనిషి చైతన్యము ఒక్కసారిగా వికసింపదనియు, మొగ్గ రేకురేకుగా విచ్చునట్లు విచ్చుననియు ఈ క్రమము బోధించును. చైతన్యము మెట్టు మారినకొలది దేవుడును భిన్నముగా కనిపించును. మొదట దేవుడు యజమాని, పిదప వ్రతమునకు సాక్షి, పిదప ప్రతి వస్తువును అనుగ్రహముగా ఒసగు దాత, పిదప ప్రాణమునందలి వెలుగు, కడకు వేరుగా చూపజాలని తత్త్వము.

ఈ దృష్టితో చూచినయెడల చందవోలు ఘట్టము నిష్ఠ యొక్క పరాకాష్ఠ. నిష్ఠ లేనివాడు దారి తప్పును. నిష్ఠ దగ్గరనే ఆగినవాడు తన దారిన నడువనివానిని శత్రువుగా చూచును. అందుకే శరణులు మహేశుని తరువాత ప్రసాదిని నిలిపిరి. ఎదుటివాని మాటను, కడకు నిందను సైతము, ఆలకించి జీర్ణించుకొను అవధానము లేక నిష్ఠ సంపూర్ణము కాదు. చందవోలున శిష్యులకు లోపించినది ఈ మెట్టే. పండితారాధ్యుల ఉత్తర జీవితము వాదమునుండి విరహమునకు, తర్కమునుండి అనుభవమునకు సాగుట గమనింపదగినది.

బసవేశ్వరునిపై మక్కువ, కులపు కట్టు

ఆ కాలమున కల్యాణపట్టణమున బిజ్జలుని కొలువులో దండనాయకుడైన బసవేశ్వరుని కీర్తి తెలుగుదేశమునకు ప్రాకినది. అచ్చట చెప్పులు కుట్టువాడు, చాకలి, పడవ నడుపువాడు, రాజోద్యోగి ఒకే చాపపై కూర్చుండి అనుభవ గోష్ఠి చేయుచుండిరి. కాయకమే కైలాసమను మార్గము అది. దేవుడు కొందరి కులధనము కాడని కల్యాణము చాటినది.

పండితారాధ్యులకు బసవేశ్వరునిపై గల భక్తి అపారము. శివభక్తునికి కులము అడుగరాదన్న మాట వారి బోధయందును కలదు. అయినను వారు వైదిక బ్రాహ్మణ్యమును విడువలేదు. బసవని మార్గముపై మక్కువ ఉన్నను బ్రాహ్మణ్యమును వదలజాలకపోయితిమని వారు తామే ఒప్పుకొనినట్లు సంప్రదాయము చెప్పుచున్నది. జందెమును లింగమును రెండింటిని ధరించి, వేదకర్మలను శివభక్తిని రెండింటిని నడుపు ఆరాధ్య సంప్రదాయము వారి మార్గమునుండియే విస్తరించినది. తెలుగుదేశమున ఆరాధ్య బ్రాహ్మణ కుటుంబములు నేటికిని ఆ పేరును నిలుపుకొనియున్నవి.

దీనిని కొందరు వారి లోపముగా, కొందరు వారి సమన్వయముగా చెప్పుదురు. వారు దానిని దాచలేదనుట మాత్రము స్పష్టము. దేవుని గురించి భావము మారినంత త్వరగా మనిషి జీవితము మారదు. బుద్ధి ఒప్పుకొనిన దానిని దేహము, ఇల్లు, బంధువులు, పంక్తి ఒప్పుకొనుటకు తరములు పట్టును. బసవేశ్వరుడు ఉపనయనమునే నిరాకరించి ఇల్లు విడిచినాడు. పండితారాధ్యులు ఇంటిలో నిలిచి తలుపు తెరచిరి. మొదటివాని త్యాగము ముందు రెండవవారు తమ హద్దును తామే చూచుకొని, గౌరవముతో చేతులు జోడించిరి. సభలో గెలిచిన పండితుడు ఇట్లు తన కొరతను తాను ఒప్పుకొనుట సామాన్యమైన విషయము కాదు.

శ్రీశైల యాత్ర

చందవోలును విడిచిన పిదప పండితారాధ్యులు బసవేశ్వరుని దర్శింపగోరి శిష్యసమేతముగా కల్యాణమునకు బయలుదేరిరి. అప్పటికి కల్యాణము కల్లోలములో ఉన్నది. వేర్వేరు కులములకు చెందిన శరణుల బిడ్డలకు జరిగిన వివాహము రాజాగ్రహమునకు కారణమై, శరణులు చెల్లాచెదరైరి. బసవేశ్వరుడు 1167 ప్రాంతమున కూడలసంగమమున లింగైక్యము నొందినాడు. ఈ వార్త పండితారాధ్యులకు మార్గమధ్యమున తెలిసినది. చూడవలెనని జీవితమంతయు తపించిన మూర్తి కన్నులకు కనబడకయే వెళ్లిపోయినది. కన్నులు పోయి వచ్చినవారికి ఇది మరింత పెద్ద చీకటి. వారి శోకమును సోమనాథుడు హృదయద్రవముగా వర్ణించినాడు.

వారు శ్రీశైలము వైపు నడచిరి. పర్వత ప్రకరణమున ఆ యాత్ర కనులకు కట్టినట్లు ఉండును. శివరాత్రికి నాలుగు దిక్కులనుండి వచ్చు జనము, వారి పాటలు, ఆటలు, మ్రొక్కులు అందు నిండియున్నవి. తుమ్మెద పదములు, ప్రభాత పదములు, వెన్నెల పదములు, గొబ్బి పదములు పాడుకొనుచు కొండనెక్కువారిని సోమనాథుడు పేర్కొనినాడు. ఆనాటి తెలుగు పల్లెవారి గొంతు మనకు వినిపించునది ఈ ప్రకరణముననే. తర్కసభలో పండితులు మాత్రమే పలికిరి. కొండదారిలో అందరును పాడిరి. పండితారాధ్యుల కడపటి యాత్రకు ఈ పాటలే తోడు. శ్రీశైలమున వారు లింగైక్యము నొందిరి.

బసవేశ్వరుడు ఒదిగిన కూడలసంగమము కృష్ణా తీరము. పండితారాధ్యులు ఒదిగిన శ్రీశైలమును కృష్ణా తీరమే. ఆ నీరే దిగువకు పారి బెజవాడయందలి మల్లేశ్వరుని కొండను ఒరసికొని, వెలనాటి పొలములను దాటి సముద్రమున కలియును. జీవించియుండగా ఒకరినొకరు చూచుకొననివారు ఒకే నది ఒడ్డున విశ్రమించిరి.

తరువాత

వెలనాటి చోడుల ప్రాభవము ఎక్కువ కాలము నిలువలేదు. పల్నాటి యుద్ధమున వారి బలము చాల క్షీణించినది. 13వ శతాబ్దారంభమున ఆ సీమ కాకతీయ గణపతిదేవునికి వశమైనది. భక్తులు దీనిని పండితారాధ్యుల శాపఫలమనిరి. చరిత్రకారులు అంతఃకలహముల ఫలమనిరి. రాజధాని పల్లెగా మారినది, కాని ఆ రాజు కన్నులు పెరికించిన కవి వ్రాసిన పద్యములు మిగిలినవి.

చైతన్యము ఎట్లు పుట్టినదన్న ప్రశ్న నేటికిని ముగియలేదు. మెదడునందలి నాడీకణముల పనిని శాస్త్రజ్ఞులు సూక్ష్మముగా పరిశీలించుచున్నారు. ఆ కణముల కదలికనుండి నేను అను ఎరుక ఎట్లు కలుగునో వారును ఏకాభిప్రాయమునకు రాలేదు. చార్వాకుని సురాదృష్టాంతము, బౌద్ధుని ప్రవాహదృష్టాంతము, శైవుని అద్దపు దృష్టాంతము కొత్త పేర్లతో నేటికిని వాదించుకొనుచునే ఉన్నవి. ఈ వాదము ఇంకను సాగవలెను. దానిని వినువారి చేతులలో కత్తి ఉండరాదు.

ద్రాక్షారామమున ఎత్తైన లింగమును చూచి ఎదిగిన బాలుడు, కోటిపల్లియందు లింగమును దేహమున ధరించిన సాధకుడు, చందవోలున దేవుని తర్కముతో నిలిపి కన్నులు కోల్పోయిన పండితుడు, మార్గమధ్యమున బసవేశ్వరునికై విలపించిన భక్తుడు, పాడుచు కొండనెక్కు జనము నడుమ శ్రీగిరిని చేరిన శరణుడు ఒక్కరే. ప్రతి మెట్టున వారి దేవుడు మారినట్లు తోచును. మారినది చూచు కన్ను. ఎదుటివాని యందు, తనను నిందించినవాని యందు సైతము, లింగమును చూడగలిగిననాడు ఆ కన్ను సంపూర్ణముగా తెరచుకొనును. పండితారాధ్యుల జీవితము ఆ దారిని, ఆ దారిలోని గాయమును రెండింటిని మనకు చూపుచున్నది.